ఖాళీగా ఉండాల్సిన కుర్చీ

"ఆ కుర్చీ ఖాళీగానే ఉండాలని ఎవరైనా ఒక్క ముక్క చెప్తే కదండీ తెలిసేది. కుర్చీ వెయ్యమన్నారు, వేశాను. దాని ముందు చిన్న టేబులు పెట్టమన్నారు, పెట్టాను. అట్టముక్క మీద 'నీటి సరఫరా ఇంజనీరు' అని పెద్ద అక్షరాలతో రాసి టేబులు మీద నిలబెట్టమన్నారు, అదీ చేశాను. ఇంత మర్యాద చేస్తుంటే మనిషి వస్తున్నాడనే కదా అనుకుంటాం? రాడని తెలిసే వేశారట. రాని మనిషికి కుర్చీ వెయ్యడం నేనెక్కడా చూళ్ళేదు."

టార్చక్క ఈ మాటలంటూనే మడత కుర్చీలు ఒక్కొక్కటే విప్పి వరసలో పెడుతోంది. రేపు సాయంత్రం ఇదే హాల్లో మళ్ళీ సభ. నేను సాయం చేయబోతే, "మీరు వేస్తే వరస వంకరపోతుంది, కూర్చోండి" అని ఒక కుర్చీ చూపించింది. ఆ చూపించడం కూడా వేలితో కాదు. పిడికిలి బిగించి, లోపల ఏదో ఉన్నట్టుగా, మణికట్టును నేల వైపు వంచి. పదిహేనేళ్ళపాటు టార్చిలైటు పట్టుకుని సినిమా హాలు చీకట్లో జనాన్ని సీట్ల దాకా నడిపించిన చెయ్యి అది. టార్చి పోయినా చెయ్యి అలవాటు మానలేదు.

అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉంది గానీ ఎవరి నోట్లోనూ లేదు. సినిమా హాలు వాళ్ళు టార్చి అనేవారు, ఇక్కడి పిల్లలు దానికి అక్కని తగిలించారు. ఆ హాలు ఒక రోజు ఉన్నట్టుండి మూసేశారు. పొద్దున కొత్త బ్యాటరీలు వేసుకుని వెళ్ళింది, మధ్యాహ్నం ఆట లేదన్నారు. ఇప్పుడక్కడ పరుపులు అమ్ముతున్నారు.

"బాల్కనీ నిండా పరుపులేనండీ. ఆ రోజుల్లోనే పరిచి ఉంటే జనం ఇంకా వచ్చేవాళ్ళు. సగం సినిమాలకి వాళ్ళు చేసింది నిద్రపోవడమేగా."

తల్లి పోయినప్పటి నుంచీ ఆమెని పెంచింది మేనమామ. ఆయన దర్జీ. హాలు మూతపడ్డాక ఆయన కొట్లోనే ఓ మూల స్టూలు వేసుకుని కాజాలు కుట్టింది. మావయ్య ఒక్క మాట అనే మనిషి కాదు. కానీ సాయంత్రమయ్యేసరికి ఆమెకి ఊపిరాడేది కాదు. "రోజంతా ఒక్క మనిషి మొహం కనపడదు. గుండీ పట్టే కన్నం కనపడుతుంది, అంతే" అంటుంది.

అలాంటి రోజుల్లో ప్యాంటు పొడుగు తగ్గించుకుందామని ఒక కుర్ర విలేకరి కొట్టుకి వచ్చాడు. ఊరి వార్తల సైటు నడిపే చిన్న సంస్థలో నీళ్ళ మీదా రోడ్ల మీదా వార్తలు రాస్తాడు. మాటల్లో మాటగా, తమ దగ్గర సభలు ఏర్పాటు చేసే విభాగంలో ఇంటర్న్‌షిప్ ఖాళీగా ఉందన్నాడు. జనాన్ని పిలవాలి, కూర్చోబెట్టాలి, మైకు అందించాలి. కూర్చోబెట్టాలి అనే మాట వినగానే ఆమె చేతిలో సూది ఆగింది.

అప్పటిదాకా ఆ పనికి కాలేజీ పిల్లలే వచ్చేవారు. ఈమె చేరిన రోజు కొరియర్ అతను ఈమే ఆఫీసు పెద్ద అనుకుని సంతకం కోసం తిన్నగా ఈమె దగ్గరికే వచ్చాడు. సంపాదకురాలు ఈమె కంటే ఎనిమిదేళ్ళు చిన్నది. ఆఫీసు ఇస్త్రీ దుకాణం పైన, రెండు గదులు. కింద ఆవిరి పెట్టె బుసకొట్టినప్పుడల్లా పైన నేల వెచ్చబడుతుంది.

"లాభం లేకుండా నడిపే సంస్థ మావయ్యా" అని ఆ రాత్రి చెప్పింది.

"నష్టంతో నడిపేవాళ్ళని చాలామందిని చూశాను, నేనూ అందులో ఒకణ్ణే" అన్నాడు మావయ్య. "లాభం వద్దని ముందే రాసిపెట్టుకున్నవాళ్ళని ఇదే చూడ్డం. మరి జీతాలెలా ఇస్తారే?"

"చదివేవాళ్ళు చందాలు వేస్తారు."

"చదవడం ఉచితమన్నావుగా?"

"ఉచితమే."

"ఉచితంగా చదివి డబ్బులెందుకు వేస్తారు?"

మర్నాడు సంపాదకురాలిని అడిగింది. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అది మాకూ అంతుబట్టదు టార్చక్కా. వేస్తున్నారు, నడుస్తోంది" అంది. టార్చక్క వెళ్ళి అదే మావయ్యకి చెప్పింది. ఆయన కత్తెర ఆపి, "సరేలే, నా కొట్టూ అంతే" అన్నాడు.

ఆ తర్వాత అర్థం కానివి ఒకటి కాదు. సినిమా హాల్లో లెక్క తేలిక. నిండితే మంచి ఆట, నిండకపోతే చెడ్డ ఆట. ఇక్కడ మొదటి సభకి గుప్పెడు మంది వచ్చి, కుర్చీలు దగ్గరికి లాక్కుని, ఒకరి మాట మీద ఒకరు పడుతూ పోట్లాడుకున్నారు. ఈమె సిగ్గుతో చచ్చిపోయింది. సంపాదకురాలు మాత్రం, "ఎంత బాగా జరిగింది" అని ఆఫీసు మెట్లన్నీ అదే మాట అనుకుంటూ ఎక్కింది. రెండో సభకి హాలు నిండింది. ఈమె గర్వంగా తలుపు దగ్గర నిలబడింది. సభ అయ్యాక సంపాదకురాలు మొహం వేలాడేసుకుని, "అందరూ విన్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. ఏం లాభం?" అంది.

"లాభం వద్దన్నారుగా మేడం" అని ఈమె నోటి దాకా వచ్చింది. మింగేసింది.

ఇంటర్న్‌షిప్ గడువు దగ్గరపడింది. అప్పుడు సంపాదకురాలు పిలిచి, "నీళ్ళ సభ నీ చేతిలో పెడుతున్నాను. అది సజావుగా నడిపించు. నిన్ను ఉద్యోగంలో ఉంచుకునే సంగతి ఆ తర్వాత మాట్లాడదాం" అంది. సజావు అంటే హాలు నిండటమో, జనం పోట్లాడుకోవడమో అడుగుదామనుకుంది. ఆ మాత్రం తెలియదా అనుకుంటారేమోనని ఊరుకుంది. ఆమెకి తెలిసింది ఒక్కటే. ఈ సభ బాగుంటే మనుషుల మధ్య బతుకు, చెడితే మళ్ళీ కాజాలు.

ఎగువ వీధుల్లో గొట్టాలు మార్చినప్పటి నుంచీ కుళాయిల్లో ఎర్రనీళ్ళు వస్తున్నాయి. సభ ఆ సంగతి మీదే. ఇంజనీరుని మూడుసార్లు పిలిచారు. ఆయన ఫోనులో దొరుకుతాడు గానీ మనిషి ఎవరి కంటా పడడు. వార్తలు రాసే కుర్రాడు కూడా ఆయన గొంతునే ఎరుగును. పిలిచినా రాని అధికారి పేరున జనానికి ఎదురుగా ఒక కుర్చీ వేసి, సభ అయ్యేదాకా దాన్ని ఖాళీగా ఉంచడం ఆ సంస్థ పద్ధతి. ఆ ఖాళీయే ఆయన సమాధానం అన్నమాట. ఆఫీసులో అందరికీ అది ఎంత అలవాటైపోయిందంటే, కొత్త మనిషికి చెప్పాలని ఒక్కరికీ తోచలేదు.

సభ రోజు జనం బాగా వచ్చారు. సీసాల్లో, గ్లాసుల్లో ఎర్రనీళ్ళు పట్టుకుని మరీ వచ్చారు. సగంలో టీకి విరామం ఇచ్చారు. తర్వాత లైట్లు తీసేసి, పాడైన గొట్టాల ఫొటోలు తెర మీద వేయడం మొదలుపెట్టాడు విలేకరి. సంపాదకురాలు ఇంజనీరుకి ఆఖరిసారి ఫోను చేసి చూద్దామని బయట వరండాలోకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే మావయ్య వచ్చాడు. మేనకోడలు నడిపే సభని కళ్ళారా చూడాలని కొట్టు మూసుకుని, మెడలో టేపు కూడా తీయకుండా, ఆయాసపడుతూ.

కుర్చీలన్నీ నిండిపోయాయి. గోడల వెంబడి కూడా జనం. ఆయన మోకాళ్ళు నిలబడనివ్వవు.

"సినిమా హాల్లో మాకో రూలుందండీ" అంది టార్చక్క, చేతిలో కుర్చీని సగం విప్పి అలాగే పట్టుకుని. "ఇంటర్వెల్ దాకా రాని మనిషికి ఇక ఆ సీటు మీద హక్కు లేదు. నిలబడ్డవాళ్ళని కూర్చోబెట్టెయ్యాలి. వస్తే అప్పుడు చూసుకోవచ్చు. పదిహేనేళ్ళు చేసిన పని. ఆలోచించి చేశానా ఏంటి? ఫోను లైటు వేశాను, చెయ్యి పట్టుకున్నాను, 'జాగ్రత్త మావయ్యా, మెట్టుంది' అన్నాను, కూర్చోబెట్టాను. అక్కడ మెట్టు కూడా లేదు. అలవాటు."

ఆయన్ని కూర్చోబెట్టి రెండో మైకు కోసం వెనక గదిలోకి వెళ్ళింది. ఇంతలో ఫొటోలు అయిపోయి లైట్లు వెలిగాయి. జనం చూస్తే ఏముంది, ఇంజనీరు కుర్చీలో మనిషి. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, మెడలో కొలతల టేపు. గొట్టాలు కొలిచే టేపు కాబోలు అనుకున్నారు.

ఒకావిడ లేచింది. తిన్నగా నడిచి వచ్చి సీసా టేబులు మీద పెట్టింది. "పొద్దున మా కుళాయిలో పట్టిన నీళ్ళు. మీ ఇంట్లో ఇవి తాగుతారా?"

మావయ్య సీసా అందుకుని, గుడ్డ రంగు చూసినట్టు వెలుగుకి పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "తాగరమ్మా. ఇవి తాగకూడదు" అన్నాడు.

వెనక వరసల వాళ్ళు మెడలు చాచి చూశారు. ఆ కుర్చీ వైపు నుంచి అలాంటి మాట ఎవరూ వినలేదు మరి.

"తాగకూడదని మీకే తెలిస్తే మాకెందుకు వదులుతున్నారు?"

"తప్పేనమ్మా."

"పిల్లాడికి ఒళ్ళంతా దద్దుర్లు. ఎన్నాళ్ళు తిరగమంటారు మీ చుట్టూ?"

"మీరు తిరగొద్దు" అన్నాడు మావయ్య. "బుధవారానికి సరిచేసి ఇస్తాను."

ఇక్కడ ఆయన బుధవారం గురించి చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ ఆయన చెప్పే రోజు అదొక్కటే. సోమవారం అంటే కుట్టే వ్యవధి ఉండదు. శనివారం అంటే వినేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. బుధవారం అంటే ఎవరికీ ఏమీ అనబుద్ధి కాదు. "మా మావయ్య వారంలో రోజులు ఏడు కాదండీ, ఒకటే" అంటుంది టార్చక్క.

వెనక నుంచి ఎవరో, "ఈ బుధవారమేనా?" అన్నారు.

"బుధవారమేనండీ" అన్నాడు మావయ్య.

చప్పట్లు మోగాయి. విలేకరి ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని గబగబా కొట్టి, 'తప్పు ఒప్పుకున్న ఇంజనీరు, బుధవారానికి మంచినీళ్ళు' అని అక్కడికక్కడే సైటులో వేసేశాడు. టార్చక్క మైకు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. మావయ్యని జనం నిలదీయడం ఆమెకి కొత్త కాదు, కొట్లో రోజూ జరిగేదే. వీళ్ళందరూ ఏం కుట్టించుకున్నారా అనుకుంది ఒక్క క్షణం. తర్వాత టేబులు మీద తన చేత్తో రాసిన అట్టముక్క కనిపించింది.

అదే సమయానికి రెండో గుమ్మంలోంచి సంపాదకురాలు లోపలికి వచ్చింది. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. అవతల ఇంజనీరు తాను ఎందుకు రాలేడో వివరిస్తున్నాడు. చెవిలో ఒక ఇంజనీరు, కళ్ళెదుట చప్పట్లు కొట్టించుకుంటున్న ఇంకో ఇంజనీరు. ఆమె ఫోను వైపు ఒకసారి, కుర్చీ వైపు ఒకసారి చూసింది.

"టార్చక్కా, ఆయనెవరు?"

"మా మావయ్య మేడం."

"మీ మావయ్య ఇంజనీరా?"

"దర్జీ."

సంపాదకురాలు ఆమె చేతిలో మైకు లాక్కుంది. ఈయన ఇంజనీరు కాదండీ, పొరపాటు జరిగింది అని చెప్పబోయింది. అప్పటికే సగం మంది గుమ్మం దాటారు. ఉన్నవాళ్ళలో సీసా ఆవిడ వెనక్కి తిరిగి, "పెద్దమనిషి తనంతట తాను ఒప్పుకుంటే మధ్యలో మీకేంటమ్మా కష్టం?" అని కసిరి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి కొట్లో మేనకోడలు మొదటిసారి మావయ్య మీద గొంతు పెంచింది.

"నేను ఇంజనీర్ని కాదని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

"ఎవరూ అడగలేదే."

"నీళ్ళ గురించని తెలియలేదా?"

"ఎందుకు తెలియదు, సీసా నా చేతిలోనే పెట్టిందిగా. మీ సభల్లో ముందు కూర్చున్నవాడు జవాబు చెప్పాలేమో అనుకున్నాను. ఆ అమ్మాయి ఏడుపు గొంతుతో అడుగుతుంటే, నాకు సంబంధం లేదంటే ఏమవుతుంది? ఇంకొకరి దగ్గరికి పో అన్నట్టే. ఎవరి దగ్గరికి పొమ్మనాలో నాకు తెలియదు. నీకు తెలుసా?"

ఆమె కోపం ఎటు పెట్టాలో తెలియక స్టూలు మీద కూర్చుని, ఎవరూ చెప్పకుండానే రెండు కాజాలు కుట్టింది.

మర్నాడు ఆఫీసులో తప్పు దిద్దుకునే పని పెట్టుకున్నారు. తప్పు వార్త ఎక్కడ వేశారో అక్కడే, అంతే లావు అక్షరాలతో సవరణ వేయాలి. విలేకరి 'సాంకేతిక లోపం వల్ల' అని మొదలుపెట్టాడు. "కుర్చీకి సాంకేతికం ఏముంది?" అని సంపాదకురాలు కొట్టేసింది. 'సమన్వయ లోపం' అన్నాడు. అదీ కొట్టేసింది. ఆఖరికి మూడే వాక్యాలు మిగిలాయి. 'సభలో బుధవారానికి మాట ఇచ్చినది ఇంజనీరు కాదు. దర్జీ. ఇంజనీరు ఏ మాటా ఇవ్వలేదు.'

"నన్ను తీసేస్తున్నట్టేనా మేడం?" అని అడిగింది టార్చక్క.

"ఆగు, ముందు ఇది సైటులో పడనీ" అంది సంపాదకురాలు. ఆ ఆగు అనే మాటని పట్టుకుని ఆమె ఇంటికీ ఆఫీసుకీ కాలు కాలిన పిల్లిలా తిరిగింది.

సవరణ పడ్డాక జరిగింది ఎవరూ ఊహించనిది. కొందరు ఇంజనీరు మాట తప్పడానికి ఇదో ఎత్తు అన్నారు. ఎక్కువమంది ఆ మూడో వాక్యం దగ్గర ఆగారు. దర్జీ అయినా మాటిచ్చాడు, మీకు నోరెందుకు రాదు అని నీళ్ళ ఆఫీసుకి ఒకటే ఫోన్లు. బుధవారం మధ్యాహ్నం ఇంజనీరు తనే ఇస్త్రీ దుకాణం పక్క మెట్లెక్కి, మొహం కందగడ్డలా చేసుకుని వచ్చాడు.

గుమ్మంలో ఎదురైంది టార్చక్క. ఆయన కేకలు మొదలెట్టే లోపల ఆమె అలవాటు ముందుకు దూకింది.

"ఒక్కరేనా అండీ?"

"ఆఁ?" అన్నాడాయన.

"ఇటు రండి." పిడికిలి నేల వైపు వంచి దారి చూపించింది, ఆయన నడిచాడు. గదిలో ఖాళీగా ఉన్నది ఒక్కటే కుర్చీ. హాలు నుంచి తెచ్చి మూల పెట్టిన ఆ కుర్చీ, దాని ముందు ఆ టేబులు, దాని మీద అట్టముక్క. కూర్చున్నాక దాన్ని తిప్పి చదువుకున్నాడు. లేవబోయాడు. ఎదురుగా సంపాదకురాలు రికార్డరు బల్ల మీద పెట్టింది.

"నేను ఏ బుధవారమూ చెప్పలేదు" అన్నాడు ఇంజనీరు.

"అదే రాశాం సార్. మరి ఎప్పుడంటారు?"

ఆయన నీళ్ళు నమిలాడు. గొట్టాలన్నాడు, కాంట్రాక్టరన్నాడు, పై అధికారులన్నాడు. ఆఖరికి, "మీ సభకి వచ్చి నేనే చెప్తాను. నా పేరు మీద టేపులు వేసుకున్నవాళ్ళెవరూ కూర్చోనక్కర్లేదు" అని లేచాడు. వెళ్ళేటప్పుడు మెట్ల మీద దిగుతూ, "ఆ దర్జీ ఎవరండీ?" అని టార్చక్కని అడిగాడు. తెలియదంది.

ఆయన వెళ్ళిపోయాక సంపాదకురాలు రికార్డరు ఆపింది. "టార్చక్కా, నువ్వు చేసింది తప్పో, పనో నాకూ తెలియడం లేదు" అంది. "రేపటి సభ కూడా నీదే. ఈసారి ఆ కుర్చీలో ఆయన కూర్చోవాలి, లేదా ఎవరూ కూర్చోకూడదు. అంతే నేను అడిగేది. అది జరిగితే నీ ఉద్యోగం కాగితం నేనే కొట్టిస్తాను."

ఇది ఇవాళ మధ్యాహ్నం మాట. టార్చక్క ఆఖరి వరస పూర్తిచేసి, జనానికి ఎదురుగా ఆ ఒక్క కుర్చీని తెచ్చి పెట్టింది. వెనక్కి నడిచి గుమ్మం దగ్గర నుంచి చూసింది. మళ్ళీ వచ్చి అరచెయ్యంత జరిపింది.

"వస్తాడంటారా?" అంది. "ఒకవేళ రాలేదనుకోండి, మోకాళ్ళ నొప్పితో ఎవరో నిలబడ్డారనుకోండి, కుర్చీ ఖాళీగా కనపడుతూనే ఉంటుంది. నేను తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలి. అది నాకు వచ్చిన పని కాదండీ. పదిహేనేళ్ళు దానికి వ్యతిరేకమే చేశాను. మేడం మంచిదే, చెప్పిందీ అర్థమైంది. ఖాళీ కుర్చీ కూడా మాట్లాడుతుందట. మాట్లాడుతుందేమో. కానీ సీసా పట్టుకొచ్చిన ఆవిడకి జవాబు చెప్పింది మాత్రం మా మావయ్యే కదా. ఆవిడ ఇప్పుడు తిన్నగా కొట్టుకే వస్తోంది, తెలుసా? ఇంకో నలుగురు కూడా. మావయ్య ఆ సీసాలు తీసుకుని, ఒక్కోదానికి గుడ్డపేలిక కట్టి, పేరు రాసి, కుట్టాల్సిన బట్టల పక్కనే అరలో పెడుతున్నాడు. ఏం చేస్తావు మావయ్యా వీటిని అంటే, నాకూ తెలియదే, తెచ్చినవాళ్ళని ఉత్త చేతులతో పంపలేక తీసుకుంటున్నా అంటాడు. ఇంజనీరు వస్తే ఇద్దామని దాచాడట. అవన్నీ రేపు మోసుకొస్తానంటున్నాడు. వద్దంటే బాధపడతాడు, రమ్మంటే ఎక్కడ కూర్చోబెట్టను?"

అట్టముక్క తీసి చేతిలో అటూ ఇటూ తిప్పింది. మూలలు నలిగాయి. పోయినసారి రాసినదే, మార్చలేదు. టేబులు మీద నిలబెట్టి, పడిపోకుండా వెనక గ్లాసు ఆనించింది. నేను వెళ్ళడానికి లేస్తుంటే తలుపు దాకా వచ్చింది, పిడికిలి నేల వైపు వంచి దారి చూపిస్తూ.

"మీరు ఎలాగూ ఆ వీధిలోంచే వెళ్తారుగా. మా మావయ్య కొట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రేపు సభకి ముందు వరసలో చివరి కుర్చీ ఆయనకి అట్టేపెట్టానని, సీసాలు కాళ్ళ దగ్గర పెట్టుకోమని చెప్పండి. ఎవరేమడిగినా నోరు విప్పొద్దని కూడా చెప్పండి, వినడనుకోండి. ఇంకొకటి. రేపటికి వేసుకోవాలని చొక్కా కుట్టమని ఇచ్చాను. బుధవారానికి ఇస్తానన్నాడు. ఏ బుధవారమో కాస్త అడగండి."